దెయ్యానికి ధన్యవాదాలు

ఫ్రాన్సులోని నీస్ ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల వెనక ఉన్న ఆ నాటకశాలలో, స్టేజీ కింద ఒక దారి ఉంది. దానికి మంచి పేరు లేదు.

డ్రెస్సింగు గదులన్నీ స్టేజీకి ఎడమ పక్కన. కుడి వైపు నుంచి ప్రవేశించాల్సినవాళ్ళు అటు చేరాలంటే మార్గాలు రెండే. ఒకటి — ఈ కింది దారి. రెండోది — పెరటి తలుపు తీసుకుని, గాలిలో, వానలో, బొగ్గుల కొట్టు చుట్టూ తిరిగి రావడం.

ఝిగాలోవ్ గారి రష్యన్ బాలే కంపెనీలో అందరూ బొగ్గుల కొట్టు చుట్టే తిరిగేవాళ్ళు.

హంసలు గొడుగులు వేసుకుని వచ్చేవి. రాకుమారుడు పట్టు మేజోళ్ళ మీద రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చి, స్టేజీ పక్క చాటున, వింగులో, విప్పి, అప్పుడు ప్రేమలో పడేవాడు. చలికాలం పొడుగునా కంపెనీ మొత్తానికి జలుబే. మంత్రగాడు తుమ్మితే, శాపం తగిలి చచ్చి పడున్న పిల్ల కళ్ళు తెరవకుండానే "చిరంజీవ" అనేది.

అయినా సరే... కింది దారిన మాత్రం ఎవరూ అడుగు పెట్టేవాళ్ళు కాదు.

ఎందుకంటే, అక్కడ ఎవ్‌గ్రాఫ్ మాస్టారు ఉన్నారు.

ఉన్నారంటే — ఆయన పోయి రెండు చలికాలాలైంది. అయినా ఉన్నారు.

మాస్టారు ఈనాటి మనిషి కాదు. పెద్ద ఝిగాలోవ్ పీటర్స్‌బర్గ్‌లో ఈ కంపెనీ పెట్టి, మొదటిసారి ప్యారిస్ తీసుకెళ్ళినప్పుడే నేర్పే కర్ర ఆయన చేతిలో ఉంది. అంతవరకూ ప్యారిస్‌లో బాలే అంటే ముసలి దొరలు భోజనమయ్యాక కునుకు తీసే చోటు. వీళ్ళొచ్చి నిద్ర చెడగొట్టారు. ఆ రంగులు, ఆ గెంతులు చూసిన ఆడవాళ్ళు ఇంటికెళ్ళి కిటికీ తెరలు దింపి షరాయిలు కుట్టించుకున్నారట. వీళ్ళు అడుగుపెట్టిన ప్రతి ఊరూ తనకీ ఒక బాలే కావాలని పట్టుబట్టింది. అలా ఊరూరా తిరుగుతూ ఉండగానే వెనక వాళ్ళ దేశం మారిపోయింది. జార్ చక్రవర్తి పోయాడు. ఊరి పేరు కూడా పోయింది. వీళ్ళు మాత్రం పెట్టెల్లో హంసలతో, గాజు చెట్లతో పరాయి రైల్వేస్టేషన్లలో మిగిలిపోయారు. పెద్ద ఝిగాలోవ్ పోయాక కంపెనీ రెండు ముక్కలైంది. రెండూ గోడపత్రికల మీద "అసలైనది" అని వేసుకున్నాయి. పెద్దాయన మేనల్లుడు, ఇప్పటి ఝిగాలోవ్ గారి వైపు మాస్టారు వచ్చారు కాబట్టి ఇదే అసలైనదని అందరూ ఒప్పుకున్నారు.

ఆయన పోయింది కూడా కింది దారిలోనే.

ఆట మధ్యలో మేజోడు సర్దుకుందామని అక్కడున్న దుస్తుల పెట్టె మీద కూర్చున్నారు. కర్ర గడ్డం కింద పెట్టుకున్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కోపమొస్తే ఆయన అలాగే, మాట్లాడకుండా, రెప్ప వెయ్యకుండా చూసేవారు. అందుకని ఒక అంకమంతా అయ్యేదాకా ఆయన పోయారన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఆయన ముందు నుంచి వెళ్ళిన ప్రతి పిల్లా హడలిపోయి మోకాళ్ళు సరిచేసుకునే వెళ్ళింది. కంపెనీ అంత బాగా ఎన్నడూ ఆడలేదని మర్నాడు పత్రికలు రాశాయి.

ఆ మరుసటి చలికాలం నుంచి మొదలైంది.

ముందు విన్నది బాకా ఊదే అతను. చీకట్లో... టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ... టక్. ఆ తరవాత ఎవరో ఎముకలు నములుతున్న చప్పుడు. అతను బాకా అక్కడే పారేసి పరిగెత్తాడు. తరవాత ఇస్త్రీ చేసే పిల్ల విన్నది. అది పరిగెత్తలేకపోయింది. కర్ర చప్పుడు చెవిన పడగానే చిన్నప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్న అలవాటు కొద్దీ మడమలు కలిపి, మోకాళ్ళు వంచి, లేచి, వంచి, లేచి... అలా ఉండిపోయిందట. ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి లాగాల్సివచ్చింది.

ఇక ఆ దారి మూతపడింది.

* * *

కాపా దెయ్యాల్ని నమ్మేది కాదు.

పూర్తి పేరు కపితొలీనా అర్కిపొవ్నా. మొగుడు లేడు. ఉన్నది ఒక్క కూతురు, మూస్యా. ఝిగాలోవ్ కంపెనీలో నాట్యం చేసే పిల్లలు ఎంతమందో, వాళ్ళతో తిరిగే అమ్మలు దాదాపు అంతమంది. రిహార్సలు జరుగుతుంటే గోడవారన బెంచీ మీద వరసగా కూర్చుని, పిల్లల పట్టు జోళ్ళ ముక్కులకి దారం కుట్టుకుంటూ, పక్కవాళ్ళ పిల్లల మోకాళ్ళ వంకలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్ళు. కాపా ఆ బెంచీకి ఒక చివర. ఇంకో చివర ఫెలిసాతా మార్కొవ్నా. వాళ్ళమ్మాయి నెల్లీ. ఈ ఇద్దరు అమ్మలూ ఒకే సమోవార్ పాత్రలో కాచిన టీ తాగేవాళ్ళు, ఒకరి పంచదార మాత్రం ఇంకొకరు ముట్టుకునేవాళ్ళు కాదు.

ఆ రోజు "గాజు అడవి" మొదటి ప్రదర్శన. అందులో లేడిపిల్ల నాట్యం ఒంటరిగా చెయ్యాలి. ఆ వేషం వెయ్యాల్సిన అమ్మాయి ముందు రోజే బొగ్గుల కొట్టు దగ్గర, వానలో, చీలమండ మెలిపెట్టుకుంది. వేషం మూస్యాకి వచ్చింది. కంపెనీ వసంతంలో లండన్ వెళ్తోంది. ఎవర్ని తీసుకెళ్ళేదీ, ఎవర్ని ప్యారిస్ పంపేదీ ఝిగాలోవ్ గారు ఇంకా తేల్చలేదు. మూస్యా ఇవాళ నిలబడితే లండన్. పడితే, తల్లీకూతుళ్ళిద్దరూ మళ్ళీ ప్యారిస్‌లో ఆ టోపీల కొట్టు వెనకగదిలో కూర్చుని ఈకలు అతికించాలి. ఏడేళ్ళు అతికించింది కాపా. ఇప్పటికీ కోడి కనిపిస్తే ఆవిడకి వేళ్ళు నొప్పి పుడతాయి.

మొదటి అంకమైంది. తెర పడింది. బయట కుండపోత.

డ్రెస్సింగు గది తలుపు ధడాల్న తెరుచుకుంది. మూస్యా లోపలికొచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. మొహం పౌడరుకన్నా తెల్లగా ఉంది.

"ఎక్కడికి పోయావే?"

"కుడి వింగులోకి... నేను వచ్చే చోటు ఒకసారి చూసుకుందామని."

కాపా పిల్లని కిందనించి పైదాకా చూసింది. పట్టు జోళ్ళ మీద ఒక్క చుక్క లేదు. జుట్టు చెదరలేదు.

"తడవలేదే నువ్వు!"

"వెళ్ళేటప్పుడు వాన లేదు. తిరిగొచ్చేటప్పుడు... జోళ్ళు పాడవుతాయని... కింద నుంచి వచ్చానమ్మా."

గదిలో సూదులన్నీ ఆగిపోయాయి.

"ఒక్కటే పరుగున వచ్చేద్దామనుకున్నాను," మూస్యా గొంతు గుసగుసలోకి దిగింది. "సగం దూరం బాగానే వచ్చాను. అక్కడ... ఆ పెట్టె దగ్గర... చల్లగా తగిలింది. ఆగాను. అప్పుడు చెవి పక్కనే... 'ఈకా దక్కదు, నూగూ దక్కదు... లేడిపిల్లా' అని..."

"ఎవరే?"

"మాస్టారు."

"నీ మొహం. దానికి నువ్వేమన్నావు?"

మూస్యా నేలచూపులు చూసింది.

"ఏమన్నావే పిల్లా?"

"...ధన్యవాదాలు, మాస్టారూ అన్నాను."

మూల నున్న ఇస్త్రీ పిల్ల చేతిలోంచి పెట్టె జారి నేలని కాల్చింది. ఎవరూ ఎత్తలేదు.

ఆ గదిలో అందరికీ తెలుసు, అదెంత పని అయిందో. ఇది వేటగాళ్ళనాటి మాట. అడవికి పోయేవాణ్ణి "బాగా దొరకాలి" అని దీవిస్తే, చెట్టు చాటునున్న దుష్టశక్తి విని పాడుచేస్తుంది. అందుకని తిరగేసి, నీకు ఈకా దక్కదు, నూగూ దక్కదు అనాలి. అన్నది కన్నతల్లి కానీ, గుళ్ళో ఫాదరీ కానీ — విన్నవాడు మొహం మీదే "పో, దెయ్యాల్లో కలువు!" అని తిట్టిపోయాలి. అప్పుడే దీవెన పని చేస్తుంది. రష్యాలో పరీక్షకెళ్ళే పిల్లలంతా బామ్మల్ని తిట్టే వెళ్తారు. తిట్టకపోతే బామ్మలు గేటు దాకా వెంటపడి తిట్టించుకుంటారు.

ధన్యవాదాలన్నారో... అంతే.

"ఖార్కోవ్‌లో ఒక గాయకుడు అలాగే అన్నాడు," ఫెలిసాతా మెల్లగా అందుకుంది. "మొదటి పాటలోనే మీసం ఊడి గొంతులోకి పోయింది. కత్తెరతో తీశారు."

"మా మేనత్త కూతురు పెళ్ళి రోజున అంది," ఇంకో అమ్మ గొణిగింది. "పెళ్ళికొడుకు ఇప్పటిదాకా రాలేదు."

"నేను ఆడనమ్మా," అంది మూస్యా. "పడిపోతాను. నాకు తెలుస్తోంది. కాళ్ళు రెండూ ఎడమకాళ్ళలా ఉన్నాయి."

ఫెలిసాతా దారం కొరికి, సూది గుచ్చిపెట్టి, లేచింది. "పోనీ పాపం, బలవంతం చెయ్యకండి. మా నెల్లీకి ఆ అడుగులన్నీ వచ్చు. ఝిగాలోవ్ గారితో నేను మాట్లాడతాను. ఎక్కడున్నారాయన?"

ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. మొదటి ప్రదర్శనలప్పుడు ఆయన ఎప్పుడూ కనిపించరు.

"కూర్చోండి ఫెలిసాతా గారూ," అంది కాపా. "జవాబే కదా కావాలి? ఇంకా స్టేజీ ఎక్కలేదు కదా? వెళ్ళి ఇప్పుడు చెబితే సరిపోతుంది. పదవే."

"నేను వెళ్ళను! ఆయన నా మోకాళ్ళకేసి చూస్తారు!"

"అయితే నీ బదులు నేను చెప్పొస్తాను."

"అదెలా చెల్లుతుందండీ?" ఫెలిసాతా నడుం మీద చేతులు పెట్టుకుంది. "జ్వరం ఒకరికి, మందు ఒకరికా?"

"మైనరు పిల్ల కాంట్రాక్టు మీద సంతకం ఎవరు పెడతారు?"

"...తల్లి."

"లండన్‌లో చెల్లుతుందా?"

"చెల్లుతుంది."

"ప్యారిస్‌లో?"

"చెల్లుతుంది, అయితే?"

"రెండు ప్రభుత్వాల దగ్గర చెల్లే తల్లి మాట, ఒక్క ముసలి దెయ్యం దగ్గర చెల్లదా?"

అమ్మల బెంచీ మీద గుసగుసలు బయల్దేరాయి. చివరికి అందరికన్నా పెద్దావిడ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తీర్పు చెప్పింది. చెల్లుతుంది. కాని ఆ తిట్టు పిల్ల చెవిన పడాలి.

"పడుతుంది. నా గొంతు నాకు తెలుసు," అంది కాపా. "మూస్యా, నువ్వు గొడుగు వేసుకుని కుడి వింగులోకి పో. నేను స్టేజీ కింద నుంచి అరుస్తాను. వినపడగానే ఎక్కెయ్. ఇంకేమీ ఆలోచించకు."

"నేను సాక్షిగా ఉంటాను," అంది ఫెలిసాతా, గొడుగు అందుకుంటూ. "వినపడకపోతే వినపడలేదనే చెబుతాను, నా పావురమా. తరవాత నన్ననుకోవద్దు."

"వినపడకపోతే మీ చెవులు కడిగించుకోండి, పావురమా."

* * *

కాపా దెయ్యాల్ని నమ్మేది కాదని చెప్పాను కదా. నిజమే. ధన్యవాదాలన్న పిల్ల కాలు విరుగుతుందని మాత్రం గట్టిగా నమ్మేది. ఈ రెంటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఒకటి మూఢనమ్మకం, రెండోది అనుభవం అనేది.

జామ్ సీసాలో కొవ్వొత్తి పెట్టుకుని మెట్లు దిగింది.

మొదటి మలుపు దాకా వెలుగు బాగానే ఉంది. గోడకి ఆనించిన పాత చందమామ కనిపించింది. కాగితం గుజ్జుతో చేసిన అడవిపంది తలకాయ పళ్ళు బయటపెట్టి చూసింది. "నిన్ను చేసినవాణ్ణి కూడా ఎరుగుదును," అని కాపా దాన్ని పక్కకి నెట్టింది.

రెండో మలుపు.

ఎక్కడినించో ఒక చల్లటి గాలి... కొవ్వొత్తి ఒకసారి వంగింది — ఆరిపోయింది.

అగ్గిపెట్టె పైన మరిచిపోయింది.

కాపా ఆగింది. పైన, తలమీద, చెక్కల అవతల ఎవరెవరో చెట్లు ఈడుస్తున్నారు. ఆ చప్పుడు కూడా మెల్లగా ఆగిపోయింది. చీకటి ఎంత చిక్కగా ఉందంటే, కళ్ళు మూసినా తెరిచినా ఒకటే.

గోడ పట్టుకుని ఒక అడుగు వేసింది. ఇంకొకటి.

టక్.

కాపా చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

చెక్కలు, అనుకుంది. చలికి బిగుసుకుంటాయి.

టక్... టక్.

చెక్కలు కావు. ముందు నుంచి వస్తోంది. ఆ పెట్టె ఉన్న చోటు నుంచి. ఆ తరవాత, నింపాదిగా, కరకర... కరకర... ఎవరో నములుతున్నారు.

కాపాకి తన మోకాళ్ళు వాటంతటవే సర్దుకుంటున్నట్టు తెలిసింది. ఆవిడ జన్మలో బాలే నేర్చుకోలేదు.

వెనక్కి తిరిగి పరిగెత్తొచ్చు. నాలుగంగల్లో మెట్లు. అప్పుడు ఫెలిసాతా మొహం చూడాలి. ఆ తరవాత టోపీల కొట్టు వెనకగది, జిగురు గిన్నె, సంచుల కొద్దీ ఈకలు.

పరిగెత్తలేదు. శాలువా బిగించుకుని, గొంతు సవరించుకుంది.

"ఎవ్‌గ్రాఫ్ సీలిచ్ గారూ..."

నమలడం ఆగిపోయింది.

"నేనండీ. మూస్యా వాళ్ళమ్మని. చిన్నపిల్ల, తెలియక ఒక మాట తప్పుగా అంది. పెద్దవారు, మీకు తెలియని ఆచారం కాదు. ఇప్పుడు నేను చెప్పబోయేది మీ మీద కోపంతో కాదు..."

చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టారు.

పైన గంట మోగింది. సంగీతం వాళ్ళు తీగలు సవరించుకుంటున్నారు. ఇక వేళ లేదు. కాపా గుండెల నిండా గాలి తీసుకుంది.

"పో! దెయ్యాల్లో కలువు!"

ఆ అరుపు చెక్కల్ని పట్టుకుని వణికించింది. పైన వయొలిన్ వాళ్ళు ఒక్కసారి ఆగిపోయారట. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి రష్యన్ దొరసాని మాత్రం శిలువ గుర్తు వేసుకుని, "హమ్మయ్య, ఇంకా పద్ధతి తెలిసినవాళ్ళున్నారు," అని పక్కావిడతో అందట.

నిజానికి కాపా అక్కడ ఆపొచ్చు. కానీ నోరు ఒకసారి తెరుచుకున్నాక ఇన్నాళ్ళ కోపమంతా వచ్చేసింది.

"కలువు! పోతూ పోతూ ఆ ఝిగాలోవ్ గాణ్ణి కూడా తీసుకుపో! మా పిల్లని చెట్టు వేషమేసి నిలబెట్టినవాణ్ణి! పోయినేడు పొద, ఈ ఏడు పుట్టగొడుగు! లండన్ సంగతి తేల్చమంటే దొరక్కుండా తిరిగే నక్కని! వాణ్ణి చెవి పట్టుకుని తీసుకుపో!"

నిశ్శబ్దం.



అప్పుడు పెట్టె దగ్గర నుంచి ఒక గొంతు, చాలా మర్యాదగా వచ్చింది.

"కపితొలీనా అర్కిపొవ్నా గారూ... తీసుకెళ్ళేది ఎక్కడికో చెబితే, కోటు వేసుకుంటానండి."

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. పెట్టె మీద ఒక కొవ్వొత్తి అంటుకుంది. వెలుగు.

పెట్టె మీద తుండుగుడ్డ పరుచుకుని, దాని మీద క్యాబేజీ కూరిన పిరోగు రొట్టె ముక్క, గుప్పెడు అక్రోట్లు పెట్టుకుని, నాటకపు కత్తి పిడితో వాటిని పగలగొట్టుకుంటూ, ఝిగాలోవ్ గారు కూర్చుని ఉన్నారు. గడ్డం నిండా పొట్టు.

కాపాకి నోట మాట రాలేదు. అది ఆవిడ జీవితంలో రెండోసారి. మొదటిసారి పుట్టినప్పుడు.

"మీరా!"

"మెల్లగా అనండి, మీకు పుణ్యముంటుంది," ఆయన చేతులు జోడించారు. "ఫెలిసాతా గారు వింటే ఇక నాకు చోటుండదు."

"మీరిక్కడేం చేస్తున్నారు?"

"తింటున్నాను. ఈ ఊళ్ళో నేను కూర్చుని తినగలిగేది ఇక్కడే. హోటల్ గుమ్మంలో ఒక అమ్మ, భోజనం బల్ల దగ్గర ఇంకో అమ్మ, అందరికీ వాళ్ళ పిల్లకే వేషం కావాలి. మంగలి దుకాణంలో సబ్బు పూసి కూర్చోబెడితే అద్దంలో ఫెలిసాతా గారు కనిపించారు. నెపోలియన్‌కి రష్యాతో ఒక్క చలికాలమే. నాకు ఏటా."

"అయితే ఈ దెయ్యం..."

"నేను పుట్టించలేదండీ. ఒట్టు. మొదటిసారి ఇక్కడ అక్రోట్లు పగలగొట్టుకుంటుంటే ఆ బాకావాడు కెవ్వుమని పారిపోయాడు. పిలిచి చెబుదామనుకున్నాను. అప్పుడు చూశాను — ఎంత ప్రశాంతంగా ఉందో. రెండు చలికాలాలుగా ఈ ఒక్క దెయ్యం పుణ్యమాని పిచ్చెక్కకుండా ఉన్నాను."

"మీ ప్రశాంతత కోసం కంపెనీ మొత్తం వానలో తడిసింది. ఒక పిల్ల కాలు మెలిపడింది!"

ఝిగాలోవ్ గారు తలవంచుకున్నారు. "ఆ పాపం నాదే," అని పిరోగు ముక్క అవతల పెట్టేశారు.

కాపా ఇంకా అనబోయింది... పైన పిల్లనగ్రోవి మొదలైంది.

లేడిపిల్ల ప్రవేశం.

ఇద్దరూ ఒకేసారి తలలు పైకెత్తారు.

కాసేపు సంగీతమే. అడుగులు లేవు. వినపడలేదా? ఆ ఫెలిసాతా వినపడలేదని చెప్పిందా? ...లేక కాళ్ళు కదలడం లేదా?

అప్పుడు — సరిగ్గా వాళ్ళ నెత్తిమీద — చిటికె వేసినంత చిన్న చప్పుడు. ఇంకొకటి. ఇంకొకటి. కుడి నుంచి ఎడమకి, వడిగా, తడి లేని ఆకుల మీద ఏదో చిన్న ప్రాణి పరిగెత్తినట్టు.

"వచ్చేసింది," అంది కాపా.

"ఉష్! ఇప్పుడు గెంతు."

అడుగులు ఆగాయి. ఏమీ లేదు. చప్పుడే లేదు. ఆ పిల్ల గాలిలో ఎక్కడో ఉంది, కింద వాళ్ళమ్మ ఝిగాలోవ్ గారి చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది, ఇద్దరిలో ఎవరూ ఊపిరి తియ్యడం లేదు.

దిగింది.

దుమ్ము కూడా రాలలేదు.

"ఎడమకాలి మీద," ఝిగాలోవ్ గారు కళ్ళు మూసుకుని అన్నారు. "మెత్తగా. పిల్లి కూడా అలా దిగదు. మా మావయ్య బతికున్న రోజుల్లో విన్నానండీ ఈ చప్పుడు. మళ్ళీ ఇవాళ వింటున్నాను."

గిరికీలు వచ్చాయి. ఒక చోట కాలు కాస్త జారినట్టు చెక్క కీచుమంది — కాపా గోళ్ళు ఆయన చెయ్యిలో దిగాయి — సర్దుకుంది, మళ్ళీ తిరిగింది, ఆగింది. పైన ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత చప్పట్లు. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు, ఆగకుండా.

కాపా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆవిడ వేసుకున్నది గౌను. శాలువాతో తుడుచుకుంది.

"ఇక చెప్పండి," అంది వెంటనే. "లండన్."

"లండనే. మీరిద్దరూ. మాటిచ్చాను."

"పుట్టగొడుగు వేషం?"

"జన్మలో వెయ్యను."

"ఈ దారి రేపటి నుంచి తెరవాలి. ఒక దీపం పెట్టించాలి. పిల్లలిక వానలో తిరగరు."

"మరి నేనెక్కడ తినను?"

"అటక మీద ఎలకలున్నాయని పుకారు పుట్టిస్తాను. అమ్మలు ఎవరూ ఎక్కరు. నా మాట మీద నమ్మకముంది కదా?"

"ఇందాకే విన్నానండి మీ మాట," అన్నారు ఝిగాలోవ్ గారు నిట్టూర్చి. ఒక అక్రోటు పగలగొట్టి, పప్పు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. సంధి కుదిరినట్టే.

కాపా నోట్లో వేసుకుంది. మనసు తేలికపడింది. తేలికపడ్డాక ఆవిడకి మనుషుల్లో మంచి కూడా కనిపిస్తుంది.

"పోన్లెండి. మీరు నక్కే అయినా, వెళ్ళే పిల్లని పిలిచి దీవించారు. ఆ గొంతు మాత్రం ఎలా పెట్టారండీ? అచ్చం మాస్టారి గొంతేనట. పిల్ల హడలిపోయింది."

ఝిగాలోవ్ గారి దవడ ఆగిపోయింది.

"ఏ పిల్లని?"

"మూస్యానే. ఇందాక ఇటొచ్చినప్పుడు. ఈకా దక్కదు, నూగూ దక్కదు అని."

"నేనా?" ఆయన కత్తి పెట్టె మీద పెట్టారు. మెల్లగా. "నేనిక్కడ నోరు విప్పనండీ. విప్పితే దొరికిపోతాను కదా. పైగా... నేను దిగింది ఇప్పుడే. మొదటి అంకం తెర పడేటప్పుడు నేను టికెట్ల గదిలో, బల్ల కింద ఉన్నాను. మీరు దిగడానికి కాస్త ముందే ఇటొచ్చాను."

కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది. ఎక్కడా గాలి లేదు.

కాపా నములుతున్నది మింగలేదు.

"మరైతే..." అంది. "నేనిందాక... ఎవర్ని..."

వాళ్ళిద్దరి వెనక, దారి ఇరుకైన చోట, ఎవరో ముసలాయన విసుగ్గా గొంతు సవరించుకున్నారు.

"కలుస్తానమ్మా, కలుస్తాను. పొమ్మన్నావు, పోదామనే చూస్తున్నాను... ఇద్దరూ దారికడ్డం లేస్తే కదా!"